జీనోటైప్ టెస్టా, హోల్ జీనోమా? డబ్బులు కట్టేముందు ఇది ఒకసారి చదవండి

పోయినేడు సంక్రాంతికి పిన్ని ఫోన్ చేసి "ఒరే, బుజ్జికి ఏం లేదంటరా, టెస్టులో నెగెటివ్ అని ఉందట, ఇప్పుడిక నాకు కంటిమీద కునుకు పడుతుంది" అంది. పిన్నంటే మా బాబాయి భార్య, బుజ్జి వాళ్ళమ్మాయి, డాలస్‌లో ఉంటుంది. పిన్నికి 46 ఏళ్ళకే బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది, ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయ్యి ఇప్పుడు బానే ఉంది, కానీ వాళ్ళమ్మగారు కూడా ఓవరీ క్యాన్సర్‌తోనే పోయారు కాబట్టి కూతురి గురించి భయం. బుజ్జి పెళ్ళికి ముందెప్పుడో సరదాకి, మన పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారో చూద్దామని ఆన్‌లైన్‌లో ఉమ్మి కిట్టు ఒకటి తెప్పించుకుని చేయించుకుందట, అందులో ఈ బీఆర్‌సీఏ (మార్పులుంటే బ్రెస్ట్, ఓవరీ క్యాన్సర్ రిస్కు పెంచే జీన్లు) రిపోర్టు కూడా ఉంటే ఇప్పుడు అదే తీసి వాళ్ళమ్మకి చూపించింది.

నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తా, బంధువుల్లో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ముందు నా వాట్సాప్‌కే వస్తుంది. పీడీఎఫ్ పంపమన్నా. పైన పెద్ద అక్షరాలతో "వేరియంట్స్ నాట్ డిటెక్టెడ్". రెండో పేజీలో చిన్న అక్షరాల్లో అసలు సంగతి: ఈ టెస్టు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జీన్లలో 3 చోట్లు మాత్రమే చూస్తుంది, ఆ 3 మార్పులు ఎక్కువగా కనిపించేది అష్కెనాజీ (యూరప్‌లో స్థిరపడ్డ) యూదు వంశాల్లో. మా పిన్నిది తెనాలి.

ఈ రెండు జీన్లలో క్యాన్సర్ రిస్కు తెచ్చే మార్పులు ఇప్పటిదాకా వేలల్లో దొరికాయి. అందులో మూడు చూసి "లేవు" అన్నారు. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులకీ టెస్టులకీ అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ) ఇలాంటి టెస్టుకి మొదటిసారి డైరెక్టుగా జనానికి అమ్ముకోడానికి అనుమతి ఇచ్చినప్పుడు కూడా ఇదే చెప్పింది, ఇందులో నెగెటివ్ వస్తే రిస్కు లేనట్టు కాదు అని. కంపెనీ అబద్ధం చెప్పలేదు, చిన్న అక్షరాల్లో నిజమే రాసింది. కానీ చదివేదెవరు? ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఫోన్ కాలే, జీనోటైప్‌కీ జీనోమ్‌కీ తేడా తెలీకపోతే జరిగేది పరీక్షలో ఒక మార్కు పోవడం కాదు.

ముందు మాటలు తేల్చుకుందాం

ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళకి జన్యురూపం, దృశ్యరూపం గుర్తుండే ఉంటాయి, బఠాణీ మొక్కలు, 3:1, 1:2:1 అని బట్టీ కొట్టాం కదా. ఆ జన్యురూపమే జీనోటైప్. జీనోమ్ అనేది సిలబస్‌లో ఇంకెక్కడో చివర్లో వచ్చేది, అందుకే రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఎక్కువ. జీనోటైప్ అనే మాట 1909లో డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త యోహాన్సెన్ పెట్టాడు, జీనోమ్ 1920లో జర్మనీలో వింక్లర్ పెట్టాడు, అంటే మాటలు పుట్టడంలో కూడా జీనోటైపే అన్న.

నేను ఇంట్లోవాళ్ళకి చెప్పేది భూముల లెక్కతో. జీనోమ్ అంటే ఊరి మొత్తం రికార్డు. పొలాలు, డొంకలు, చెరువు, శ్మశానం, పోరంబోకు, ఏదీ వదలకుండా అన్నీ. మనిషి విషయంలో ఆ ఊరి విస్తీర్ణం దాదాపు 310 కోట్ల అక్షరాలు, ఉండేవి నాలుగే అక్షరాలు, ఏ, టీ, జీ, సీ. అమ్మ నుంచి ఒక సెట్టు నాన్న నుంచి ఒక సెట్టు కాబట్టి ఒక్కో కణంలో ఇంచుమించు దానికి రెట్టింపు. జీనోటైప్ అంటే ఫలానా సర్వే నంబర్లో ఎవరి పేరుందో చెప్పడం. ప్రతి సర్వే నంబర్‌కీ రెండు పాస్‌బుక్కులు, ఒకటి అమ్మ తరఫుది, ఒకటి నాన్న తరఫుది. (ఎక్స్, వై క్రోమోజోముల దగ్గర మగాళ్ళ లెక్క వేరు, దాన్ని ఇప్పుడు వదిలేద్దాం.) "112వ నంబర్లో ఒక పాస్‌బుక్కులో జీ, రెండోదాంట్లో ఏ" అంటే ఆ చోట నీ జీనోటైప్ జీ/ఏ. అంతే. మిగతా ఊరి గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

బ్లడ్ గ్రూప్ తీసుకోండి. తండ్రిది ఏ, తల్లిది బీ, బిడ్డకి ఓ వస్తే మన ఊళ్ళలో లేనిపోని మాటలు పుట్టేవి, ఇప్పటికీ పుడుతున్నాయేమో. తండ్రి జీనోటైప్ ఏఓ, తల్లిది బీఓ అయితే బిడ్డకి ఆ ఓ ఒకటి ఈ ఓ ఒకటి వచ్చి ఓ గ్రూప్ అవుతుంది, నాలుగింట ఒక ఛాన్సు. ఇది తేల్చడానికి 310 కోట్ల అక్షరాలు చదవక్కర్లేదు, ఆ ఒక్క చోట ఏముందో చూస్తే చాలు.

నైజీరియాలో ఐతే పెళ్ళిచూపుల్లోనే "నీ జీనోటైప్ ఏంటి" అని అడుగుతారు. అక్కడ ఆ మాటకి అర్థం సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) స్టేటస్, ఏఏనా (మామూలు), ఏఎస్సా (ఒక కాపీలో మార్పు), ఎస్ఎస్సా (రెండింట్లోనూ, అంటే జబ్బు) అని. ఇద్దరూ ఏఎస్ అయితే సంబంధం వదులుకునేవాళ్ళు చాలామంది. మనం నాడీ దోషం చూసినట్టే అనుకోండి, కాకపోతే దీనికి బయాలజీ ఉంది.

టెస్టు ఎలా చేస్తారో తెలిస్తే సగం కన్ఫ్యూజన్ పోతుంది

జీనోటైపింగ్ చిప్ అంటే ముందే రాసుకున్న లిస్టు. మామూలుగా 6 లక్షలకి అటూ ఇటూ చోట్లు ఆ లిస్టులో ఉంటాయి, ల్యాబువాడు ఆ సర్వే నంబర్ల దగ్గరికే వెళ్ళి పేర్లు రాసుకుని వచ్చేస్తాడు. 6 లక్షలంటే పెద్ద నంబర్‌లా అనిపిస్తుంది కానీ 310 కోట్లతో పోలిస్తే 5 వేలల్లో ఒకటి. లిస్టులో లేని చోట ఊరు మునిగిపోయినా వాడికి కనపడదు.

సీక్వెన్సింగ్ అంటే టేపు పట్టుకుని కొలవడం. రక్తంలోంచి తీసిన డీఎన్ఏని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని 150 అక్షరాల చొప్పున చదివి, అవన్నీ ఒక రెఫరెన్స్ జీనోమ్ (పోల్చుకోడానికి పెట్టుకున్న నమూనా) మీద పేర్చి ఎక్కడ తేడా ఉందో చూస్తారు. హోల్ జీనోమ్ "30ఎక్స్" అంటే ఊళ్ళో ప్రతి గజాన్నీ సగటున 30 సార్లు కొలిచారని. ఎగ్జోమ్ అనేది మధ్య రకం, ప్రొటీన్లు తయారుచేసే భాగాన్ని మాత్రమే చదువుతారు, అది మొత్తంలో 1-2 శాతమే కానీ మనకి తెలిసిన జన్యు వ్యాధుల మార్పులు ఎక్కువ శాతం అక్కడే దొరుకుతున్నాయి. మాగాణి మాత్రమే కొలవడం అనుకోండి. మిగతా పోరంబోకుని ఒకప్పుడు చెత్త అనేవాళ్ళు, తీరా చూస్తే మాగాణికి నీళ్ళు తెచ్చే కాలవలు చాలా అందులోంచే పోతున్నాయి, అందుకే కొన్ని కేసుల్లో హోల్ జీనోమ్ కావాలి. పానెల్ అనేది ఇంకా చిన్నది, ఒక జబ్బుకి సంబంధించిన పదో వందో జీన్లని మాత్రం మొదట్నుంచి చివరిదాకా చదవడం.

కాబట్టి చిప్ ఇచ్చిన "లేదు"కీ సీక్వెన్సింగ్ ఇచ్చిన "లేదు"కీ విలువ ఒకటి కాదు. చిప్ "లేదు" అంటే "నా లిస్టులో ఉన్నవి లేవు" అని. లిస్టు ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అనేది అసలు ప్రశ్న, ఎందుకంటే ఈ లిస్టులు చాలావరకు యూరప్ మూలాలున్న వాళ్ళ డేటా చూసి తయారైనవి. మన దగ్గర 2020లో మొదలైన జీనోమ్ఇండియా ప్రాజెక్టు 83 జనసమూహాల నుంచి దాదాపు 10,000 మంది హోల్ జీనోమ్‌లు చదివి 2025 జనవరిలో డేటా రీసెర్చర్లకి ఇచ్చింది, మన లిస్టులు మనం రాసుకునే పని ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది.

జీనోటైప్ చాలు, ఎక్కువ ఖర్చు అనవసరం అనే కేసులు

జబ్బు పేరు తెలుసు, జీన్ తెలుసు, ఏ చోట మార్పు ఉంటుందో కూడా తెలుసు, అలాంటప్పుడు హోల్ జీనోమ్ చేయించడం ఎదురింటి నంబర్ కోసం ఊళ్ళో వాళ్ళందరి ఫోన్ నంబర్లు రాసుకోవడమే.

తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) చూడండి. బీటా తలసీమియా మార్పులు ప్రపంచంలో వందల్లో ఉన్నాయి కానీ మన దేశంలో ఎక్కువమందిలో తిరిగేవి ఐదారే. పెళ్ళికి ముందో, ప్రెగ్నెన్సీ మొదట్లోనో చూడాల్సింది అసలు జీన్ టెస్టే కాదు, సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ, ఈ రెండూ మామూలు రక్త పరీక్షలే. హీమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే క్యారియర్ (ఒక్క కాపీలోనే మార్పు, జబ్బు ఉండదు) అని అనుమానం. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లని తేలితే అప్పుడు ఇద్దరికీ ఏ మార్పుందో జీనోటైప్ చేస్తారు, మొదట ఆ ఐదారు చోట్లే చూస్తారు, దొరక్కపోతే మొత్తం బీటా గ్లోబిన్ జీన్ చదువుతారు, అదేమంత పెద్ద జీన్ కూడా కాదు. ఇదంతా మూడో నెల లోపే తేలితే కడుపులో బిడ్డకి చూసే టైమ్ ఉంటుంది, ఆలస్యమైతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇద్దరూ క్యారియర్లయితే బిడ్డకి జబ్బు రావడానికి ప్రతి ప్రెగ్నెన్సీకీ 25 శాతం ఛాన్సు, మొదటి బిడ్డ బాగుంది కాబట్టి రెండో బిడ్డకి భయం లేదు అనుకోవడం తప్పు, పాచికకి గుర్తుండదు కదా పోయినసారి ఏం పడిందో.

సికిల్ సెల్ ఇంకా సింపుల్, బీటా గ్లోబిన్‌లో ఒకే ఒక అక్షరం, ఏ బదులు టీ. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్‌లో 7 కోట్ల మందికి స్క్రీనింగ్ టార్గెట్, మన రెండు రాష్ట్రాల ఏజెన్సీ ఏరియాలు కూడా అందులో ఉన్నాయి. అక్కడ ఇచ్చే కార్డు మీద ఉండేది ఒక రకంగా జీనోటైపే. అంత మందికి జీనోమ్ చదవాలంటే అయ్యే పనా?

మన వైపు వాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది, వైశ్యుల్లో కనిపించే బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ లోపం. బీసీహెచ్ఈ అనే జీన్‌లో ఒక మార్పు, రెండు కాపీల్లోనూ ఉంటే రోజువారీ జీవితంలో ఏ తేడా కనపడదు, కానీ ఆపరేషన్ టేబుల్ మీద సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే మామూలు వాళ్ళలో పదినిమిషాల్లో దిగిపోయేది వీళ్ళలో గంటల తరబడి దిగదు, అప్పటిదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. శతాబ్దాలుగా కులంలోనే పెళ్ళిళ్ళు జరగడం వల్ల ఇలా ఒకే మార్పు ఒక కమ్యూనిటీలో పోగుపడుతుంది, ఇది వైశ్యులకే కాదు, హైదరాబాద్ సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన చేసే సంస్థ) తంగరాజ్ గారు, హార్వర్డ్ డేవిడ్ రైక్ వాళ్ళు కలిసి 2017లో వేసిన పేపర్లో దక్షిణాసియాలో 263 సమూహాలు చూస్తే 81 సమూహాల్లో ఇలాంటి గట్టి ఫౌండర్ ఎఫెక్ట్ (కొద్దిమంది పూర్వీకుల మార్పులే అందరిలో పోగుపడటం) ఉందని తేలింది, జాగ్రత్త పడాల్సింది అందరూ. ఈ కేసులో కావాల్సింది ఎంజైమ్ లెవెల్ టెస్టు, లేదా ఆ ఒక్క చోటి జీనోటైప్. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక లేవడం బాగా ఆలస్యమైంది అనే కథ ఉంటే ఎనస్థీషియా డాక్టర్‌కి ముందే చెప్పండి, టెస్టు సంగతి తర్వాత.

స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ టాబ్లెట్ కూడా ఇలాంటిదే. ఆ టాబ్లెట్ మింగినదాన్ని మింగినట్టు పనిచేయదు, లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మార్చి పనిలోకి దింపాలి. రిపోర్టులో ఒక లైన్ ఇలా ఉంటుంది:

సీవైపీ2సీ19, ఆర్‌ఎస్4244285: జీ/ఏ

ఆ ఆర్‌ఎస్ నంబర్ ఆ చోటి చిరునామా. జీ/జీ అంటే ఈ చోట ఎంజైమ్ మామూలే, జీ/ఏ అంటే ఒక కాపీ పనిచేయట్లేదు, ఏ/ఏ అంటే రెండూ చేయట్లేదు, మందు సరిగ్గా ఎక్కదు. ఈ పనిచేయని రకం మన దక్షిణాసియా వాళ్ళలో బాగా కామన్. అమెరికాలో 2010 నుంచి ఆ మందు లేబుల్ మీద దీని గురించి బాక్స్ వార్నింగ్ ఉంది. ఇది చదివి నాన్నగారి టాబ్లెట్ ఆపేయకండి దండం పెడతా, కార్డియాలజిస్టుని అడగండి, వేరే మందులు ఉన్నాయి, మార్చాలో వద్దో ఆయన చెప్తాడు.

మనుషుల్ని కాసేపు వదిలేసి అన్నం దగ్గరికి రండి. సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్ల వంగడం, మన ఇళ్ళలో ఫేమస్. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే పంట పోయినట్టే. సీసీఎంబీ వాళ్ళూ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు తెగులు తట్టుకునే జీన్లని అందులోకి ఎక్కించి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చారు. జన్యుమార్పిడి కాదు, క్రాసింగే. వరి జీనోమ్ దాదాపు 39 కోట్ల అక్షరాలు, అది 2005లో పూర్తిగా చదివారు, కానీ బ్రీడింగ్ చేసేటప్పుడు ఒక్కో నారు మొక్కకీ అదంతా చదువుతూ కూర్చోలేదు, ఆకు ముక్క తుంచి ఆ మూడు జీన్ల దగ్గర మార్కర్లతో జీనోటైప్ చూసుకుని ఉన్న మొక్క ఉంచారు, లేనిది పీకేశారు. అందులో 13, 5 రెండూ రిసెసివ్, అంటే రెండు పాస్‌బుక్కుల్లోనూ ఉంటేనే పని చేస్తాయి, ఒక్కదాంట్లో ఉన్న మొక్క చూడ్డానికి మామూలు మొక్కలాగే తెగులుకి ఎండిపోతుంది. పొలంలో నిలబడి కంటితో చూసి ఏ మొక్క తన లోపల ఒక కాపీ దాచుకుందో చెప్పడం ఎవరి తరమూ కాదు, జీనోటైప్ ఒక్కటే చెప్పగలదు.

ఎగ్జోమ్ లేదా హోల్ జీనోమ్‌కి వెళ్ళాల్సిన కేసులు

ఏం వెతుకుతున్నామో తెలియనప్పుడు. బిడ్డకి రెండేళ్ళొచ్చినా మాట రాలేదు, ఫిట్స్ వస్తున్నాయి, ఎంఆర్ఐ తీశారు, మెటబాలిక్ టెస్టులు చేశారు, నలుగురు డాక్టర్లు నాలుగు పేర్లు చెప్పారు. ఇక్కడ లిస్టు పట్టుకుని వెళ్తే లాభం లేదు, ఏ సర్వే నంబర్లో గొడవో ఎవరికీ తెలీదు, మొత్తం కొలవాల్సిందే. మామూలుగా ఎగ్జోమ్‌తో మొదలుపెడతారు, అక్కడ దొరక్కపోతే హోల్ జీనోమ్. స్తోమత ఉంటే బిడ్డతో పాటు తల్లిదండ్రులకి కూడా కలిపి చేయించమని చెప్తా, దాన్ని ట్రయో అంటారు, ఎందుకంటే బిడ్డలో కనపడ్డ మార్పు కొత్తగా పుట్టిందా, అమ్మానాన్నల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ దగ్గర్నుంచే వచ్చిందా తెలిస్తే వందల అనుమానాలు ఒక్క దెబ్బకి తీసేయొచ్చు.

మేనరికాల సంగతి చెప్పకపోతే ఈ టాపిక్ మన దగ్గర పూర్తవదు. బావామరదళ్ళ డీఎన్ఏలో సగటున ఎనిమిదో వంతు ఒకటే ఉంటుంది, మేనమామా మేనకోడలికి నాలుగో వంతు. ముత్తాతలో ఒకే కాపీగా దాక్కున్న చెడ్డ మార్పు రెండు దారుల్లో వచ్చి బిడ్డలో జంటగా కలిసే ఛాన్సు అందుకే ఎక్కువ. అలా జంటగా కలిసిన చోట్లు సీక్వెన్సింగ్ డేటాలో పొడుగాటి ఒకే రకం పట్టీల్లా కనిపిస్తాయి, మా ల్యాబ్‌లో అనలిస్టులు మొదట వెతికేది అక్కడే. విచిత్రం ఏంటంటే మేనరికం కేసులో జవాబు దొరకడం ఒక్కోసారి తేలికవుతుంది, వెతకాల్సిన చోటు తగ్గుతుంది కదా. అలాగని అన్ని మేనరికాల్లో పిల్లలకి జబ్బులొస్తాయని కాదు, ఎక్కువమంది శుభ్రంగానే ఉంటారు, ఈ మాట ప్రతిసారీ చెప్పాలి, లేకపోతే తల్లిదండ్రులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ కూర్చుంటారు, కౌన్సెలింగ్ గది బయట కుర్చీల్లో నేను చూసినవే.

రెండూ పనికిరాని కేసులు కూడా ఉన్నాయి

ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ తెలుస్తుంది అనుకుంటాం, ఇక్కడ అది అన్నిసార్లూ నిజం కాదు. డూషెన్ కండరాల జబ్బులో మూడింట రెండొంతులకి పైగా కేసుల్లో జరిగేది అక్షరం మారడం కాదు, జీన్‌లో పెద్ద ముక్క ఎగిరిపోవడమో డబుల్ అవడమో, దానికి ముందు చేయాల్సింది ఎంఎల్‌పీఏ, అంటే జీన్‌లో ఒక్కో ముక్క ఎన్ని కాపీలుందో లెక్కపెట్టే టెస్టు. ఎస్ఎంఏ (వెన్నుపాములో నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే జబ్బు) అంతే, ఎస్ఎంఎన్1, ఎస్ఎంఎన్2 అనే రెండు జీన్లు కవల పిల్లల్లా ఉంటాయి, 150 అక్షరాల ముక్క చదివితే అది అన్నదో తమ్ముడిదో తెలియక మామూలు ఎగ్జోమ్ తప్పిపోతుంది. ఫ్రాజైల్ ఎక్స్ (పిల్లల్లో బుద్ధి ఎదుగుదల తగ్గించే జబ్బు)లో మూడక్షరాలు వందలసార్లు రిపీట్ అవుతాయి, దానికి వేరే టెస్టు. డౌన్ సిండ్రోమ్ అనుమానమైతే మామూలు క్యారియోటైప్ (క్రోమోజోముల్ని లెక్కపెట్టే టెస్టు) చాలు. కాబట్టి "అన్నీ ఒకే టెస్టులో వచ్చేస్తాయి సార్" అని సేల్స్ అబ్బాయి చెప్తే, ఎంఎల్‌పీఏ కూడా అందులోనే వస్తుందా బాబూ అని అడిగి అతని మొహం చూడండి.

బోల్తా పడే చోట్లు

చిప్ రిపోర్టులో "లేదు"ని నమ్మొద్దన్నా కదా, చాలా అరుదైన మార్పుల విషయంలో "ఉంది"ని కూడా అంత తొందరగా నమ్మొద్దు. 2021లో బ్రిటన్‌లో దాదాపు 50 వేల మందికి చిప్‌తోనూ సీక్వెన్సింగ్‌తోనూ రెండూ చేసి పోల్చి చూశారు. బీఆర్‌సీఏ జీన్లలో అరుదైన చెడ్డ మార్పు ఉందని చిప్ చెప్పినవాటిలో సీక్వెన్సింగ్‌లో నిజమని తేలినవి దాదాపు నూటికి నాలుగే. మిగతా అన్నీ ఉత్తుత్తివే. ఇలాంటి రిపోర్టు పట్టుకుని ఆపరేషన్ దాకా వెళ్తే? అదే చిప్ కామన్ మార్పుల్ని బాగానే పట్టుకుంటుంది, పైన చెప్పిన సీవైపీ2సీ19 లాంటివి, సమస్యల్లా లక్షలో ఒకరికి ఉండేవాటితోనే.

హోల్ జీనోమ్‌కి ఉన్న రోగం దీనికి రివర్స్. ఏ మనిషిని చదివినా రెఫరెన్స్‌తో 40 నుంచి 50 లక్షల చోట్ల తేడా వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న మీకూ నాకూ కూడా. అందులో ఏది జబ్బు, ఏది ఉత్త ముక్కు వంకర అని తేల్చలేని వాటిని వీయూఎస్ అని రాస్తారు, అంటే అర్థం తేలని మార్పు అని. ఆ మూడక్షరాలు చూసి ఏడ్చినవాళ్ళని చూశా, అది పాజిటివ్ కాదండీ, నెగెటివ్ కూడా కాదు, దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, అంతే. ఇంకోటి, ఫిట్స్ కోసం చదివితే గుండె రిస్కు బయటపడొచ్చు, ఇలా అడగకపోయినా చెప్పదగ్గ జీన్ల లిస్టులో 80కి పైగా ఉన్నాయి, అవి తెలుసుకోవాలా వద్దా అని ముందే సంతకం అడుగుతారు, చదవకుండా పెట్టకండి.

డేటా సంగతి కూడా ఆలోచించండి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, డీఎన్ఏ పోతే? పైగా అది మీ ఒక్కరిదే కాదు, మీ అక్కచెల్లెళ్ళది కూడా సగం. ఇలాంటి ఉమ్మి కిట్లు అమ్మే అమెరికా కంపెనీ ట్వంటీత్రీఅండ్‌మీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అప్పుడు అమెరికాలో మనవాళ్ళు చాలామంది అకౌంట్ డిలీట్ ఎలా కొట్టాలి అని వెతుక్కున్నారు. ఇన్సూరెన్స్ మాటకొస్తే జన్యు వ్యాధి అనే ఒక్క కారణంతో హెల్త్ క్లెయిమ్ తోసిపుచ్చడం వివక్షే అని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకి అదే ఆర్డర్ ఇచ్చింది, ఎవరైనా ఆ కారణం చూపిస్తే ఊరుకోకండి.

నన్నడిగితే

ఏ టెస్టు అని అడగడానికి ముందు ఏ ప్రశ్నకి జవాబు కావాలో ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. "మా ఇంట్లో ఉన్న ఫలానా మార్పు నాకు వచ్చిందా" అయితే జీనోటైప్, ఆ ఒక్క చోటు, కొన్ని వేలల్లో అయిపోతుంది. "ఈ జబ్బు వంశంలో ఉంది, కారణం తెలీదు" అయితే ఆ జబ్బు పానెల్, అది కూడా ముందు జబ్బు వచ్చిన మనిషికి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కాదు. "బిడ్డకి ఏమైందో ఎవరూ చెప్పలేకపోతున్నారు" అయితే ఎగ్జోమ్, ఐదంకెల బిల్లుకి రెడీగా ఉండండి, ఆ పైన హోల్ జీనోమ్. "ఊరికే, సరదాకి" అయితే ఏదీ వద్దు, ఆ డబ్బుతో ఒకసారి లిపిడ్ ప్రొఫైల్, షుగర్ చేయించుకుని మిగిలినదాంతో బిర్యానీ తినండి.

ల్యాబ్‌ని అడగాల్సినవి: ఏ జీన్లు, పూర్తిగా చదువుతారా లేక కొన్ని చోట్లేనా, పెద్ద ముక్కలు ఎగిరిపోతే పట్టుకుంటారా, రిపోర్టుతో పాటు ఫాస్ట్‌క్యూ (చదివిన అసలు అక్షరాలు), వీసీఎఫ్ (దొరికిన తేడాల లిస్టు) ఫైళ్ళు ఇస్తారా. ఆ ఫైళ్ళు తప్పకుండా తీసుకోండి, ఇవాళ దొరకని జవాబు రెండేళ్ళ తర్వాత అదే డేటాని మళ్ళీ చూస్తే దొరికిన కేసులు ఉన్నాయి, మళ్ళీ రక్తం ఇవ్వక్కర్లేదు. ఇక జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవకుండా చేయించుకోవద్దు, గంట కూర్చుని మూడు తరాల కుటుంబం బొమ్మ గీస్తే ఒక్కోసారి టెస్టే అక్కర్లేదని తేలుతుంది.

పిన్నికి ఇదంతా చెప్పడానికి మూడు ఫోన్ కాల్స్ పట్టింది. "జబ్బు వచ్చింది నాకు, తగ్గింది కూడా నాకు, మళ్ళీ నాకెందుకురా టెస్టు, బుజ్జికి చెయ్" అని ఒకటే పట్టు. నీ దగ్గర ఏ తాళం పోయిందో తెలిస్తేనే కదా పిన్నీ బుజ్జి దగ్గర అది ఉందో లేదో చూడగలం అన్నాక ఒప్పుకుంది. పానెల్ చేశాం. బీఆర్‌సీఏ1లో 4 అక్షరాలు ఎగిరిపోయాయి, ఆ ఉమ్మి కిట్టు చూసిన మూడు చోట్లలో అది లేదు. ఆ రిపోర్టు పట్టుకుని బుజ్జి డాలస్‌లోనే డాక్టర్ చేత ఆ ఒక్క చోటు జీనోటైప్ చేయించుకుంది, రెండు వారాలకి వచ్చింది, "నాట్ డిటెక్టెడ్". మొదటి రిపోర్టులో ఉన్న మాటే.

పిన్ని ఈసారి నిజంగానే నిద్రపోయింది, మర్నాడు ఫోన్ చేసి గోంగూర పచ్చడి పంపిస్తున్నా అంది. మరి మీ పెద్దబ్బాయికి ఎప్పుడు చేయిస్తావ్ అన్నా. "వాడికెందుకురా, మగపిల్లాడు కదా" అంది. వాడికీ యాభై శాతమే పిన్నీ, మగాళ్ళలో రిస్కు తక్కువే కానీ సున్నా కాదు, పైగా వాడికి ఇద్దరు ఆడపిల్లలు అన్నా. కాసేపు ఫోన్లో ఏం మాట్లాడలేదు. వాడు ఇంకా శాంపిల్ ఇవ్వలేదు, నైట్ షిఫ్టులట, ఆదివారం వస్తానంటున్నాడు.